రవ్వకు తోడు తెచ్చాం: రెండు కుందేళ్ళను కలిపిన అనుభవం

రెండు కుందేళ్ళను కలపడం ఎలా అని ఎవరినడిగినా మొదట వచ్చే సలహా ఒకటే, "ఒకచోట వదిలెయ్యండి, అవే సర్దుకుంటాయి" అని. ఇంట్లో కుందేలు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరిదీ అదే మాట, పైగా తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వాదిస్తారు. అవి సర్దుకోవండీ. చూడ్డానికి ఎంత సాధువుగా ఉన్నా తన చోటులోకి కొత్తది వస్తే కుందేలు ఊరుకోదు, చెవులు కొరుకుతుంది, వెనక కాళ్ళ గోళ్ళతో పొట్ట చీరేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మాకు ఈ పని పూర్తవడానికి నెలలు పట్టింది, ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నా.

మాది హైదరాబాద్, నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. రవ్వ మా పాత కుందేలు, ఆడది, గర్భసంచి తీసే ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, తోడు తెచ్చినా తేకపోయినా అది చేయించాల్సిందే. మిరియం కొత్తది, నల్లటి మగ కుందేలు. మావారి ఫ్రెండ్ వాళ్ళు డల్లాస్ వెళ్ళిపోతూ ఎవరికివ్వాలా అని చూస్తుంటే మేం తెచ్చుకున్నాం.

దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు, కాబట్టి మొదటి పని డాక్టర్‌ను వెతకడం. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లు వీధికొకరున్నారు గానీ కుందేలుకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళు తక్కువ. నేను ఫోన్‌లో అందరినీ అడిగిన ప్రశ్న ఒక్కటే, "ముందు రోజు రాత్రి నుంచి తిండి ఆపాలా?" అని. ఆపాలన్న చోటికి వెళ్ళలేదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి కుక్కలకు ఆపినట్టు దానికి తిండి ఆపాల్సిన పని లేదు, పైగా కడుపు ఖాళీగా ఉంటే పేగులు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ అయ్యాక కూడా పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీయే, పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. మిరియం మాత్రం ఇంటికొచ్చిన సాయంత్రమే కొత్తిమీర లాగేసింది, అదొక టెన్షన్ తీరింది.

మగవాటికి ఆపరేషన్ అయిన మర్నాడే అన్నీ చల్లబడిపోవు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది, హార్మోన్ల దూకుడు తగ్గడానికీ దాదాపు అంతే పడుతుంది. అందుకని దాన్ని చిన్న బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపు మూసేశాం. కొత్తగా తెచ్చినదాన్ని కనీసం 14 రోజులు ఎలాగూ విడిగా ఉంచాలి, జబ్బులేమన్నా ఉంటే అప్పటికి బయటపడతాయి. మిరియానికి బయటపడింది కూడా. వీపు మీద దువ్వితే తెల్లగా పొట్టు రాలింది, డాక్టర్ చూసి బొచ్చులో ఉండే పురుగులన్నారు, మందు వేశారు. ఇక్కడొక మాట చెప్పాలి, కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ మందు కుందేళ్ళకు విషం లాంటిది. షాపులో "అన్నిటికీ ఇదేనండి" అని చేతిలో పెట్టినా వెయ్యకండి.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. హాల్లో ఇనుప మెష్ ప్యానెల్స్‌తో రెండు దొడ్లు కట్టాం, మధ్యలో జానెడు ఖాళీ వదిలి. ఆ ఖాళీ ఎందుకంటే మెష్‌లోంచే ముక్కులూ పెదాలూ కొరికేసుకుంటాయి. మిరియాన్ని తెచ్చి పెట్టగానే రవ్వ వెనక కాలితో నేలను ఒక్కటి కొట్టింది, కింద ఫ్లోర్ దాకా వినిపించి ఉంటుంది. మా అత్తయ్య సోఫాలో కూర్చుని, "ఏమ్మాయ్, పెళ్ళిచూపులకి పిల్ల ఇట్లా కాలు నేలకేసి కొడితే పెళ్ళివారు ఉంటారా?" అన్నారు. మొదట్లో ఇదంతా వేస్ట్ అన్న ఆవిడే తర్వాత్తర్వాత మాకంటే ఎక్కువ పట్టించుకున్నారు, సీరియల్ మధ్యలో ప్రకటనలు రాగానే లేచి వెళ్ళి చూసొచ్చేవారు.

కుందేలుకి కంటికంటే ముక్కు ముఖ్యం. అందుకే రోజూ వాటి చోట్లు మార్చాం, దీన్ని దాని దొడ్లో, దాన్ని దీని దొడ్లో. మలమూత్రాలకు పెట్టిన లిట్టర్ ట్రే, పరిచిన గుడ్డ, అట్టపెట్టె, ఏదీ మార్చకుండా అలాగే ఉంచి కుందేళ్ళను మాత్రం మార్చడం. మొదటిసారి రవ్వ మిరియం దొడ్లోకి వెళ్ళి ట్రే అంచుకీ పెట్టె మూలకీ గడ్డం రుద్దింది, అక్కడ గ్రంథి ఉంటుంది, అలా రుద్ది తనదని గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత గుడ్డ నిండా పెంటికలు రాల్చిపెట్టింది. ఎన్నాళ్ళ నుంచో ట్రేలోనే పోసే కుందేలు అలవాటు తప్పిందని మావారు బాధపడ్డారు గానీ ఈ సమయంలో అది మామూలే, గొడవలు సద్దుమణిగాక మళ్ళీ అలవాటులో పడుతుంది. తిండి కూడా మెష్‌కి అటూ ఇటూ ఒకే వేళకు, ఒకే ఆకు. పుదీనా కట్టను రెండుగా చేసి పెడితే మొదట దూరంగా లాక్కెళ్ళి తిన్నవి, నెమ్మదిగా అక్కడే ఎదురెదురుగా నములుతూ కూర్చోవడం మొదలుపెట్టాయి. పనిలో సగం పైన ఇక్కడే అయిపోయిందని నా నమ్మకం. చాలామంది విసుగొచ్చి దాటేసేదీ ఇదే.

ఎదురెదురు కలిపేటప్పుడు రెండింటిలో ఏదీ ఎప్పుడూ తిరగని చోటు కావాలి. మా కింద ఫ్లాట్ ఖాళీగా ఉంది, ఓనర్ ఆంటీ తాళం ఇచ్చారు. గ్రానైట్ మీద కుందేళ్ళకు కాళ్ళు జారతాయి, జారితే బెదురుతాయి, అందుకని ఉతికిన పాత దుప్పట్లు పరిచాం. నా చేతులకి మావారి బైక్ గ్లోవ్స్, పక్కన అత్తయ్య ఇచ్చిన చేట. చేట ఎందుకంటే పోట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టకూడదు, ఎముక దాకా కొరుకుతాయి, అడ్డం పెట్టడానికి వెడల్పాటిది ఏదన్నా ఉండాలి.

రవ్వ దుప్పటి అంచు వాసన చూస్తూ మిరియం అక్కడ లేనట్టే తిరిగింది. మిరియం నేరుగా వెళ్ళి దాని మీదికెక్కింది. చూస్తే కంగారుగా ఉంటుంది గానీ ఆపరేషన్లు అయినవి కూడా అలా ఎక్కుతాయి, పెత్తనం ఎవరిదో తేల్చుకోవడం అది, కిందది ఓర్చుకున్నంతసేపు కాసేపు వదిలెయ్యొచ్చు. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దించాలి, కిందది ఒక్క కొరుకు కొరికిందంటే మర్మాంగం పోతుంది. మేం కళ్ళు పెట్టుకుని చూసింది చెవులూ తోకా. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక బిగుసుకుని పైకి లేచి, గుర్రుమంటే ఇక మాటల్లేవు, చేట అడ్డమే. మొదట్లో పదేసి నిమిషాలే ఉంచేవాళ్ళం, అవి ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించేవాళ్ళం.

ఒకరోజు రెండూ ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి, చేట పెట్టేలోపే బొచ్చు గుత్తులుగా లేచింది. చర్మం పట్టి పట్టి చూశాం, బొచ్చు కింద కాటు కనిపించదు, వేలితో తడిమి చూడాల్సిందే. గాయం లేదు. కొన్నాళ్ళు మళ్ళీ మెష్‌కి అటూ ఇటూ పెట్టి చోట్లు మార్చే పనిలోకి వెళ్ళిపోయాం. కారులో తిప్పితే భయపడి ఒకదానికొకటి అతుక్కుని కూర్చుంటాయి, దాంతో స్నేహం కుదురుతుందని చెప్పేవాళ్ళున్నారు. నాకది నచ్చలేదు. భయంతో అతుక్కోవడం వేరు, ఇష్టంతో పక్కన కూర్చోవడం వేరు, పైగా మన ఎండల్లో కారు ప్రయాణమంటే కుందేలుకి ఇంకో గండం.

తేడా తెలిసిన రోజు మాత్రం నవ్వొచ్చింది. రవ్వ వచ్చి మిరియం ముక్కు కిందికి తల దించి పెట్టింది. నన్ను నాలుకతో నాకు అని దానర్థం. మిరియం కూడా తల దించింది, ముందు నువ్వు నాకు అని. రెండూ నేలకి గడ్డాలానించి, నుదురూ నుదురూ తగిలేలా, ఎవరూ తగ్గకుండా అలాగే ఉండిపోయాయి. నాకు మెడ పట్టేసింది గానీ వాటికి పట్టలేదు. మావారు అరటిపండు ముక్క మెత్తగా నలిపి రవ్వ నుదుటి మీద రాశారు, ఇది చాలామంది చేసే చిట్కానే. మిరియం నాకింది, అరటిపండు అయిపోయాక కూడా కనురెప్పల దాకా నాకుతూనే ఉంది, రవ్వ పళ్ళు మెల్లగా టకటకలాడించింది. సంతోషమైతే అలా ఆడిస్తాయి, నొప్పితో కొరికే శబ్దం గట్టిగా, వేరేగా ఉంటుంది.

అక్కణ్ణుంచి సమయం పెంచుకుంటూ పోయాం, గంటలు, ఆ తర్వాత పూటలు. ఒక శనివారం పొద్దున పెట్టి ఆదివారం రాత్రి దాకా ఆపకుండా కింద ఫ్లాట్‌లోనే ఉంచాం, మావారు పక్కనే చాప వేసుకుని పడుకున్నారు. గొడవ రాలేదు కాబట్టి పైకి తెచ్చాం. తెచ్చేముందు రవ్వ పాత దొడ్డిని వెనిగర్ నీళ్ళతో తుడిచి, సామాను సర్దుబాటు మార్చి, పాత వాసన వీలైనంత తీసేశాం, లేకపోతే అది మళ్ళీ "ఇది నాది" అంటుంది. దూరే పెట్టెలన్నిటికీ రెండు దారులు కోశాం, ఒకటి తరిమితే రెండోది మూలలో ఇరుక్కోకుండా. మార్చి రాకముందే ఇదంతా అయిపోవాలని నేను పట్టుబట్టాను, 30 డిగ్రీలు దాటితే కుందేళ్ళకు వడదెబ్బ భయం, అప్పుడు పోట్లాటలు కూడా తోడైతే తట్టుకోలేవు.

ఇప్పుడు డాక్టర్ దగ్గరికి ఏ ఒక్కదానికి పని పడినా రెండింటినీ తీసుకెళ్తున్నాం. ఒక్కదాన్నే తీసుకెళ్తే హాస్పిటల్ వాసనతో తిరిగొస్తుంది, ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక మీద పడొచ్చు, కలిపిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. మొన్న మిరియం గోళ్ళు కత్తిరించడానికి వెళ్తే రవ్వ కూడా అదే బుట్టలో వచ్చింది, ఫీజు మాత్రం ఒక్కదానికే తీసుకున్నారు. ఎండుగడ్డి ఖర్చు రెట్టింపైంది, దానికి మార్గం లేదు. ఆకుకూర మాత్రం ఇప్పటికీ రెండు పళ్ళాల్లోనే పెడుతున్నాం, అందులో ఇద్దరికీ రాజీ లేదు.