కూర్చోనివ్వని ఆట

పార్కింగ్‌కి 50 డాలర్లు! అదీ స్టేడియంలో కాదు. అరగంట నడిచేంత దూరంలో ఎవరో తమ ఇంటి ముందు గడ్డి మీద అట్టముక్క బోర్డు పెట్టి వసూలు చేస్తున్నారు. రూపాయల్లోకి మార్చొద్దని మా అబ్బాయి ముందే హెచ్చరించాడు గానీ, మనసు ఊరుకుంటుందా?

వాడు టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి 290 హైవే పట్టుకుని, హెంప్‌స్టెడ్ దగ్గర 6వ నంబరు హైవే ఎక్కితే యూనివర్సిటీ ఉన్న ఊరు, కాలేజ్ స్టేషన్. ఆ ఊరి జనాభా లక్షా ఇరవై వేలు. యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో పట్టే జనం 1,02,733. ఇక ఆట రోజు ఆ రోడ్ల సంగతి చెప్పాలా?

ముందురోజు అర్ధరాత్రి ‘మిడ్‌నైట్ యెల్’ అని ఒకటుంది. రేపటి ఆటకి ఈ రాత్రి అరుపుల రిహార్సల్! తెల్లబట్టలేసుకున్న ఐదుగురు యెల్ లీడర్లు చేత్తో సైగ చేస్తే, ఆ సైగని వరస తర్వాత వరస వెనక్కి అందిస్తారు. తర్వాత వేలమంది ఒకే గొంతుతో అరుస్తారు. చివర్లో లైట్లు ఆర్పేస్తారు, జంటలు ముద్దు పెట్టుకోడానికి. మర్నాడు ఆటలోనూ మనవాళ్లకి పాయింట్లొచ్చినప్పుడల్లా అదే తంతు. పక్కన కన్నకొడుకుని పెట్టుకుని ఎటు చూడను? స్కోర్‌బోర్డు చూస్తూ నిలబడ్డాను.

అవును, నిలబడ్డాను. వాడు గెస్ట్ పాస్ తీసి స్టూడెంట్ల వైపు తీసుకెళ్లాడు. సీటుకి నంబరుంది, కూర్చున్నవాళ్లు లేరు. మూడున్నర గంటల ఆట! రెండో క్వార్టర్‌కే మోకాళ్లు లాగేశాయి. నేను కూలబడబోతుంటే పక్కనున్న అమ్మాయి తన నీళ్ల సీసా ఇచ్చి, “మీరు కూర్చోండి మ్యామ్, ఎవరూ ఏమనుకోరు” అంది. వాళ్ల తాత, నాన్న ఇద్దరూ ఇక్కడే చదివారట. మాటకోసారి మ్యామ్ అంటుంది. అమెరికాలో ఎవరూ అలా పిలవరని చెప్పిన మా వాడి వైపు చూశాను.

ఎందుకమ్మా ఈ శిక్ష అంటే, కథ చెప్పింది. 1922 జనవరి 2న డల్లస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. ఎ అండ్ ఎమ్ ఆటగాళ్లలో ఒక్కొక్కడే దెబ్బలు తగిలి బయటికొచ్చేస్తున్నాడు. కోచ్ డేనా బైబిల్‌కి కింగ్ గిల్ గుర్తొచ్చాడు. ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయిన కుర్రాడు, ఆ రోజు పైన ప్రెస్ బాక్స్‌లో ఉన్నాడు. కిందికి పిలిస్తే, దెబ్బ తగిలినవాడి బట్టలే వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. ఎ అండ్ ఎమ్ 22-14తో గెలిచింది. పిలిస్తే దిగడానికి సిద్ధంగా ఉన్నామని చెప్పడానికే అప్పట్నుంచీ స్టూడెంట్లందరూ నిలబడతారు.

“మరి అతను ఎలా ఆడాడు?” అన్నాను.

“ఆడలేదు మ్యామ్. అవసరం రాలేదు.”

నవ్వాగలేదు నాకు. నేనూ యూనివర్సిటీ కబడ్డీ ప్లేయర్నే. జట్టుకి 12 మంది, కోర్టులో ఏడుగురు, మిగతా ఐదుగురిలో నేను. రిజర్వేషన్ లేని పెట్టెలో ట్రంకు పెట్టెల మీద కూర్చుని అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వెళ్లాం. ఒక్క కూతకీ పంపలేదు. తిరిగొచ్చాక మా ఫిజికల్ డైరెక్టర్ మేడం ట్రాక్‌సూట్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంది. చూడ్డానికొచ్చిన జనమా? వాచ్‌మన్, ఇద్దరు టీ కుర్రాళ్లు. ఇక్కడ ఆడనివాడికి స్టేడియం బయట విగ్రహం పెట్టారు!

ఇదంతా చెబితే ఆ అమ్మాయి కళ్లింత చేసుకుంది. కబడ్డీ అంటే ఏమిటో చెప్పడానికి ఒక క్వార్టర్ మొత్తం పట్టింది. ఊపిరి బిగబట్టి కూత పెట్టి చూపించాను కూడా. ముందు వరసవాళ్లు అది కొత్త యెల్ అనుకున్నారేమో, వెనక్కి తిరిగి బొటనవేళ్లు పైకెత్తారు.

నాకు గుచ్చుకున్నది మరొకటుంది. ఆ ఐదుగురు యెల్ లీడర్లూ మగపిల్లలే. 1963 దాకా ఆడపిల్లల్ని చేర్చుకోని కాలేజీ ఇది, ఆ వాసన ఇంకా పూర్తిగా పోలేదనిపించింది. అదే మాటంటే ఆ అమ్మాయి భుజాలెగరేసి, “ఓట్లేసి ఎన్నుకునేది మేమే మ్యామ్” అంది.

ఆట ఎ అండ్ ఎమ్ వాళ్లే గెలిచారు. మర్నాడు యూనివర్సిటీలోనే ఉన్న రీడ్ అరీనాలో ఆడపిల్లల వాలీబాల్‌కి తీసుకెళ్లమన్నాను. టికెట్ పార్కింగ్‌కిచ్చినదాంట్లో సగం కూడా లేదు. ఏసీ హాలు, మెత్తటి సీటు. ఆ పిల్లల స్మాష్‌లు చూస్తే శనివారం ఆటకన్నా ఇదే నయమనిపించింది. మా వాడు మాత్రం ఒప్పుకోలేదు, హ్యూస్టన్ చేరేదాకా ఫోన్లో వాదిస్తూనే ఉన్నాడు.