జిప్సీ పైకప్పు: ఎండకు వదులై, గాలికి లేచే రెక్సిన్

ఈసారి కూడా నా జిప్సీ గుడ్డ టాపు నిలవలేదు. అనంతపురం నుంచి కూడేరు దాటి ఉరవకొండ వైపు వెళ్తుండగా, స్పీడోమీటరు ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు, ముందు అద్దం ఫ్రేము మీది గాడిలోంచి రెక్సిన్ అంచు ఎడమ మూలన జానెడు మేర ఊడి వచ్చింది. గుడ్డను కింది నుంచి మోసే వంపు పైపు ఒకటి అదనంగా పెట్టించిన తరువాత కూడా ఇలా జరగడం చాలా బాధ కలిగించింది. అయితే ఈసారి దారి పొడవునా కొలతలు తీసుకున్నాము కాబట్టి, అసలు కారణం ఎక్కడుందో మొదటిసారి తేటగా కనిపించింది. ఆ ఉత్సాహంతోనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

బండి మారుతి జిప్సీ కింగ్, 2375 మి.మీ. వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల నడుమ దూరం) ఉన్న సాఫ్ట్ టాప్, అంటే గుడ్డ పైకప్పు రకం. మిగతా పనులన్నీ కుదిరాయి. జిప్పులను వైకేకే అనే జిప్పుల కంపెనీ వారి పెద్ద పళ్ళ ప్లాస్టిక్ రకానికి మార్చిన తరువాత దుమ్ముకు బిగుసుకుపోవడం లేదు. వెనక కిటికీకి 0.75 మి.మీ. మందం గల పారదర్శక పీవీసీ షీటు వేయించిన తరువాత అది రెపరెపలాడడం మానింది. తలుపుల పైనుంచి కారే నీరు కూడా ఆగిపోయింది. మిగిలిన సమస్య పైకప్పు ఒక్కటే.

సాఫ్ట్ టాపు కొనేవారు, కుట్టించేవారు ముందుగా అడిగే ప్రశ్న వాన నీరు దిగుతుందా లేదా అని. అనంతపురంలో ఆ ప్రశ్న రెండో వరుసలో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఏడాదికి సుమారు 550 మి.మీ. వర్షం పడే ఈ నేల మీద టాపును పాడుచేసేవి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలి. రామగిరి కొండల మీద, వజ్రకరూరు, ఉరవకొండ చుట్టుపక్కల అన్ని గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకునే. ఎండ గుడ్డను వదులు చేస్తుంది, గాలి ఆ వదులును పట్టుకుని పైకి లేపుతుంది. ఈ రెంటినీ విడివిడిగా చూసినంత కాలం నాకు లెక్క తేలలేదు.

ముందుగా ఎండ సంగతి. ఉదయం ఆరు గంటలకు రెక్సిన్ పైభాగం 27 డిగ్రీలు ఉన్నప్పుడు, పైకప్పు మధ్యలో రెండు పైపుల నడుమ కిలో ఉప్పు ప్యాకెట్టు పెడితే గుడ్డ 12 మి.మీ. దిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు అదే నల్ల రెక్సిన్ 71 డిగ్రీలకు చేరినప్పుడు, అదే ప్యాకెట్టుకు 34 మి.మీ. దిగింది. డప్పును మంట దగ్గర కాచితే తోలు బిగుస్తుంది. పీవీసీ పూత ఉన్న రెక్సిన్ దానికి పూర్తిగా వ్యతిరేకం, వేడికి మెత్తబడి, కొద్దిగా పెరిగి, కింద ఉన్న గుడ్డ ఎంత సాగనిస్తే అంత సాగుతుంది. కాబట్టి ఉదయం చల్లటి వేళ ఎంత బిగించి గుండీలు పెట్టినా, మధ్యాహ్నానికి ఆ బిగువు మిగలదు. అలాగని ఎండలో బిగిస్తే తెల్లవారుజామున గుండీల దగ్గర గుడ్డ చిరుగుతుంది.

ఇక గాలి. పైకప్పు లోపలి వైపు సరిగ్గా మధ్యలో ఒక దారం కుట్టి, దానికి చిన్న నల్లపూస కట్టి, ఆ దారం చివరను సన్నటి రబ్బరు బ్యాండుతో సీట్ల మధ్య నేలకు తగిలించాము. పక్కనే నిలువుగా ఒక కర్రకు దర్జీ టేపు అంటించాము. గుడ్డ లేచినప్పుడు పూస కూడా టేపు వెంట అంతే పైకి వెళ్తుంది. నేను నడుపుతుంటే మా తమ్ముడు పూస ఎక్కడుందో చదివి రాసుకున్నాడు. మధ్యాహ్నం వేళ, పడమటి గాలికి ఎదురుగా, గంటకు 40 కి.మీ. దగ్గర గుడ్డ 22 మి.మీ. లేచింది. 60 దగ్గర 58 మి.మీ. లేచింది. 80 దగ్గర 95 మి.మీ. చేరగానే ముందంచు ఊడింది. అదే రోడ్డు మీద గాలి వాలున అనంతపురం వైపు తిరిగి వచ్చేటప్పుడు 80 దగ్గర కూడా 61 మి.మీ. మాత్రమే లేచింది. అంటే లెక్కలోకి రావలసింది స్పీడోమీటరు చూపే వేగం కాదు, గుడ్డకు తగిలే గాలి వేగం. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 కి.మీ. వేగానికి చదరపు మీటరుకు సుమారు 30 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి వస్తుంది. దానికి 25 కి.మీ. ఎదురుగాలి తోడైతే అది సుమారు 1.7 రెట్లు అవుతుంది. ఇదంతా పైకి లాగే బలంగా మారదు కానీ, రెండు చదరపు మీటర్ల పైకప్పుకు అందులో సగం చేరినా సామాన్యం కాదు.

వేడి వాటా ఎంతో, గాలి వాటా ఎంతో వేరు చేయడానికి ఉరవకొండలో ఒక టీ కొట్టు దగ్గర ఆగి, వారినడిగి రెండు బిందెల నీళ్ళు టాపు మీద పోశాము. ఉపరితలం 38 డిగ్రీలకు దిగింది. వెంటనే విడపనకల్లు వైపు, అదే ఎదురుగాలిలో, 60 దగ్గర చూస్తే పూస 41 మి.మీ. దగ్గరే నిలిచింది. ఇంతకు ముందు ఇదే వేగానికి 58. నీరు ఆరేకొద్దీ పూస మెల్లగా పైకి జరుగుతూ పోవడం మా తమ్ముడు కళ్ళారా చూశాడు. ఈ ఒక్క పరీక్ష నాకు మిగతా వాటన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. వెనక కిటికీ చుట్టి తెరిస్తే లోపలి ఒత్తిడి తగ్గి 58 కాస్తా 47కు దిగింది, కానీ బండి వెనక సుడి తిరిగే గాలి దుమ్మును, పొగను లోపలికే లాక్కొస్తుంది కనుక దాన్ని పరిష్కారంగా నేను ఒప్పుకోను.

ఇప్పుడు అదనపు పైపు ఎందుకు పనిచేయలేదో చెబుతాను. అద్దం ఫ్రేము నుంచి వెనక పైపు దాకా పైకప్పు పొడవు 1600 మి.మీ. గుడ్డ ఆ పొడవు మీద 6 మి.మీ. మాత్రమే వదులైతే, విల్లు వంపు లెక్క ప్రకారం మధ్యలో 60 మి.మీ. లేవడానికి చోటు దొరుకుతుంది. 60 కి.మీ. వేగంలో నేను చూసిన 58 దీనికి చాలా దగ్గరగా ఉంది. 95 మి.మీ. లేవాలంటే 15 మి.మీ. పొడవు పెరగాలి. అందులో ఆరు వేడి వల్ల వచ్చిందనుకుంటే, మిగిలిన తొమ్మిది గాలి లాగుడుకు గుడ్డ సాగినందువల్ల వచ్చినవని నా అంచనా. ఇంత చిన్న సాగుదలకు ఇంత పెద్ద ఉబ్బు వస్తుందని లెక్క వేసేదాకా నేను ఊహించలేదు. పైపులన్నీ గుడ్డకు కింద ఉన్నాయి. అవి గుడ్డ కుంగకుండా ఆపుతాయి కానీ, లేవకుండా ఆపలేవు. గుడ్డను పైపులకు కట్టి ఉంచితేనే ఉబ్బు మూడు చిన్న గదులుగా విడిపోతుంది. మధ్య పైపులు రెంటికీ గుడ్డ పట్టు దొరికితే, ఒక్కొక్క గది 533 మి.మీ. అవుతుంది, అదే 15 మి.మీ. సాగుదలకు కూడా ఏ గదిలోనూ లేచే ఎత్తు 32 మి.మీ. దాటదు. ముందంచు మీద పడే లాగుడు కోణం కూడా దానితోపాటు తగ్గాలి.

ఈ ఆలోచనతో వెనక జిగురు ఉన్న వెల్క్రో పట్టీలను పైపుల చుట్టూ తిప్పి రెక్సిన్‌కు అతికించి చూశాను. ఉదయం అద్భుతంగా పనిచేసింది. 60 దగ్గర పూస 19 మి.మీ. మాత్రమే కదిలింది. మధ్యాహ్నానికి జిగురు కరిగి, పట్టీలు రెక్సిన్ నుంచి జారి పైపులకు వేలాడుతున్నాయి. అతికించే వెల్క్రో మన ఎండకు పనికిరాదు, అది కుట్టవలసిందే. కానీ పైకప్పు మధ్యలోంచి కుట్టు వేస్తే సూది రంధ్రాల గుండా నీరు దిగుతుంది, లాగుడు మొత్తం ఆ కుట్టు మీదే పడి రెక్సిన్ తపాలా బిళ్ళల అంచులా చిరుగుతుంది.

మిగిలిన తొమ్మిది మిల్లీమీటర్ల సంగతి తేల్చడానికి, కుట్టించిన చోట మిగిలిన ముక్కల నుంచి 50 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. పొడవు గల పట్టీలు కోసి, ఒక్కొక్కదానికి 5 కిలోల బరువు వేలాడదీశాను. రెక్సిన్ చుట్టకు నిలువునా కోసిన పట్టీ 2 మి.మీ. సాగింది, అడ్డంగా కోసినది 9 మి.మీ. సాగింది. నా టాపు పొడవునా పడింది ఆ అడ్డమే. కుషన్ పని చేసే మేస్త్రీని అడిగితే, "సార్, పక్కలు గూడా ఒకే గుడ్డలో రావల్లని అడ్డం ఏసినాం. నిలువుకు కోస్తే రెండు పక్కలా కుట్టు వస్తాది, మీరు నీళ్ళు కారకూడదన్నారు గదా" అన్నాడు. సీటు కవర్లకు ఆ పద్ధతి సరైనదే. ధర్మవరం మగ్గాల దగ్గర పెరిగిన వారికి పడుగు, పేక ఒకేలా సాగవని చెప్పనవసరం లేదు. పైగా సీటు రెక్సిన్‌కు వెనక ఉండేది చాలావరకు అల్లిక గుడ్డ, మలుపుల మీద సాగడానికే దాన్ని అలా చేస్తారు. పైకప్పుకు ఆ గుణమే శత్రువు.

అందువల్ల ఈసారి గుడ్డనే మారుస్తున్నాను. సన్‌బ్రెల్లా వంటి, దారంలోనే రంగు కలిసిన ఆక్రిలిక్ గుడ్డ ఎండకు వెలవదు, గాలి ఆడుతుంది, చేతికి హాయిగా ఉంటుంది. పక్క తెరలకు దానికి మించినది లేదని నా నమ్మకం, కానీ పూర్తిగా నీరు ఆపదు కనుక పైకప్పుకు ఒంటరిగా వాడను. బయట ఆక్రిలిక్, మధ్యలో రబ్బరు, లోపల పాలిస్టర్ ఉండే మూడు పొరల గుడ్డ అన్నిటికంటే మేలైనది. అమెరికాలో 1954 నుంచి జీపు టాపులు చేస్తున్న బెస్టాప్ వారు జీప్ రాంగ్లర్ బండికి ఇస్తున్న ఖరీదైన రకాలు ఆ కోవలోవే. ఆ గుడ్డను మీటర్ల లెక్కన తెప్పించుకోవడం ఇప్పటికి నా తాహతుకు మించిన పని. పాతకాలపు నూలు కాన్వాస్ తడిస్తే బిగుస్తుంది, వేడికి లొంగదు, అందుకే నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ తడిగా మడిస్తే బూజు పడుతుంది. చివరికి లారీ టార్పాలిన్లకు వాడే, నేత పాలిస్టర్ గుడ్డకు రెండు వైపులా పీవీసీ పూసిన, చదరపు మీటరుకు 650 గ్రాములు తూగే రకం దగ్గర ఆగాను. దాని పట్టీ అదే బరువుకు ఏ దిక్కున కోసినా ఒక మిల్లీమీటరు కూడా సాగలేదు. ఇక నలుపు వద్దు. మిద్దె మీద మధ్యాహ్నం రెండు గంటలకు పక్కపక్కన పరచిన ముక్కల్లో నలుపు 71 డిగ్రీలు చూపితే ఇసుక రంగు 54 చూపింది.

కొత్త పైకప్పును మూడు అడ్డ ముక్కలుగా, నిలువు పడుగు బండి పొడవున వచ్చేలా కోయిస్తున్నాను. చుట్ట వెడల్పు 1370 మి.మీ., పైకప్పు వెడల్పు 1300 కనుక అంచు మడతలకు చోటు సరిపోతుంది. ముక్కలు కలిసే రెండు కుట్లూ సరిగ్గా మధ్య పైపుల మీదికి రావాలి. ఆ కుట్టులోనే లోపలి వైపు ఒక నాలుక గుడ్డను కలిపి కుట్టి, దానికి వెల్క్రో కుట్టి, పైపు చుట్టూ తిప్పి మూస్తే, పైకప్పుకు అదనంగా ఒక్క సూది రంధ్రం కూడా పడదు. ఉన్న కుట్టు మీద వెడల్పాటి పీవీసీ పట్టీని వేడిగాలి తుపాకీతో అతికిస్తే నీటి భయం పోతుంది. దారం బాండెడ్ పాలిస్టర్, అంటే పోగులు విడిపోకుండా పూత వేసి అంటించినది. నైలాన్ ఎండకు పెళుసుబారుతుంది, నూలు ఇంకా తొందరగా చివుకుతుంది. ముందంచులోని పట్టీని కూడా 3 మి.మీ. నుంచి 4.5 మి.మీ. మందానికి మార్చి, గాడిలో కూర్చుంటుందో లేదో ముందుగా చిన్న ముక్కతో చూడాలి. అది కూర్చోకపోతే అద్దం ఫ్రేము మీద అల్యూమినియం గాడిని కొత్తగా బిగించడం తప్పదు.

ఆషాఢ గాలులు తగ్గకముందే ఈ పని పూర్తయితే, మళ్ళీ అదే ఉరవకొండ రోడ్డు మీద, అదే వేళకు, 40, 60, 80 దగ్గర కొలుస్తాను. 80 దగ్గర పూస 35 మి.మీ. లోపు ఆగితే, తరువాతి పని పక్క తెరలకు ఆక్రిలిక్ గుడ్డ కొనడం.