చిల్లు కార్డు

పినాకిని ఎక్స్‌ప్రెస్ గంటకు పైగా లేటు. చెన్నై సెంట్రల్‌లో దిగి అల్లికుళం అంటే ఆటో ఆయన నూట ఇరవై అన్నాడు. రిప్పన్ బిల్డింగ్ దాటితే వచ్చే చోటికి నూట ఇరవై! పంతానికి ఎండలోనే నడిచాను.

నేను వెతికేవి గొప్ప పురాతన వస్తువులేం కావు. రైల్వేవాళ్ల పాత అట్టముక్క టికెట్లు, శివకాశి అగ్గిపెట్టెల లేబుళ్లు, ఎవరో ఎవరికో రాసుకున్న కార్డులు. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి ‘నీ చెత్త’ అని పేరు.

చిన్నప్పుడు నాన్న, పాత పుస్తకాలూ పాత వస్తువులూ దొరికే మూర్ మార్కెట్ గురించి ఎంత చెప్పేవాడో! 1900లో తెరిచిన ఆ ఎర్ర కట్టడం 1985లో తగలబడిపోయింది. ఆ చోట ఇప్పుడు లోకల్ రైళ్లు ఆగుతాయి, మూర్ మార్కెట్ అన్న పేరు స్టేషన్‌కే మిగిలింది. అంగళ్లవాళ్లను అల్లికుళం కాంప్లెక్స్‌కు పంపారు. నాన్న మాటలు తలుచుకుంటూ వెళ్తే కనిపించినవి ఎక్కువగా ఇంజనీరింగ్ గైడ్లే. తిరిగి పోదామనుకుంటుండగా ఒక పెద్దాయన బల్ల కింద నుంచి బూట్ల డబ్బా లాగాడు. నిండా పోస్టుకార్డులు.

కొన్నిటి మూలల్లో పెళ్లి పసుపు ఇంకా అంటుకునే ఉంది. చావు కబురు కార్డు ఒక్కటీ లేదు. ఉండదు కూడా. చదివిన చోటే చింపేయాలి, గడప లోపలికి తేకూడదు అనేది మా నానమ్మ.

అడుగున తెలుగు కార్డు దొరికింది. తపాలా ముద్ర అలికేసినట్టుంది. ధర మాత్రం నయా పైసల్లో ఉంది. 1957 ఏప్రిల్‌కు ముందు అణాలు, 1964 జూన్ తర్వాత ‘నయా’ ఎత్తేసి వట్టి పైసలు. ఆ మధ్యలో అచ్చయిందన్నమాట. చిరునామాలో వట్టి ‘మదరాసు-1’. పిన్‌కోడ్ వచ్చింది 1972లో కదా. అన్నిటికంటే నన్ను పట్టేసింది నడిమధ్య ఉన్న చిల్లు. ఇనప తీగకు గుచ్చిన ఉత్తరం! మా వంటింటి తలుపు వెనక అలాంటి తీగే వేలాడేది, కింద చెక్కబిళ్ల, పైన కొక్కెం.

“ఎంత పెద్దాయనా?”

“ఇరవై ఇయ్యి సార్. చిల్లు ఉంది కదా.”

అక్కడే డబ్బులిచ్చి లేచిపోవాల్సింది. నా నోరు ఊరుకోదు.

“ఏం రాసుంది సార్? నాకు తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు” అన్నాడు. మా అమ్మానాన్నలు ఇంట్లో తెలుగే, బడిలో అరవం చదివించారని చెప్పాడు. సరేనని పైకి చదివాను.

“ఉభయకుశలోపరి. గేదె ఈనింది. పెయ్య. నీవు పంపిన గొడుగు ఇంతవరకు చేరలేదు. ఎవరి చేత పంపితివో వెంటనే వ్రాయవలెను. ఇక్కడ వానలు మొదలైనవి.”

పెద్దాయన పకపకా నవ్వాడు. పక్క అంగడి కుర్రాణ్ణి పిలిచి తమిళంలో మళ్లీ చెప్పాడు. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వడం అయ్యాక కార్డు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

“వంద సార్.”

“ఇప్పుడేగా ఇరవై అన్నావు! చిల్లన్నావు!”

“అప్పుడు కథ తెలీదు కదా సార్.”

చదివిన కూలీ నాకే ఇవ్వాలని వాదించాను. చివరికి ఎనభైకి దిగాడు. ఇచ్చాను. బేరమాడితే ఆటో కూడా ఇంతకే వచ్చేదేమో.

మిగతా రోజంతా ఏం చేశానో చెప్పుకోదగ్గది లేదు. ఒక హోటల్లో చల్లారిన సాంబారు, తిరుగు రైల్లో కిటికీ లేని సీటు.

నెల్లూరు చేరాక అమ్మకు కార్డు చూపించాను. అటూ ఇటూ తిప్పి, చిల్లులోంచి నన్ను చూసి, “ఎనభయ్యా!” అంది. మా తీగ ఏమైందని అడిగాను. సున్నాలు వేయించిన ఏడు పాతసామాన్లవాడికి ఉత్తరాలతో సహా వేసేసిందట.

“ఎంతిచ్చాడు?”

అమ్మ పొయ్యి మీద పప్పులోని స్టీలు గరిటె తీసి చూపించింది.