వొలంగాంగ్ సముద్రంలో జెండాల మధ్య

సిడ్నీలో చదువుకునే మన పిల్లలు, దక్షిణాన ఉన్న వొలంగాంగ్ ఊరికి మేం వెళ్లినట్టు, బీచ్ ట్రిప్ వేసుకోవాలంటే డబ్బు కంటే ముందు రోస్టర్, అంటే పని షిఫ్టుల పట్టిక, కలిసిరావాలి. క్లాసులు నడిచే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకి 48 గంటలే పని చేయొచ్చు. వారాంతంలో గంటకి ఎక్కువ ఇస్తారు కాబట్టి అందరం శని, ఆదివారాల షిఫ్టుల కోసమే చూస్తాం. ఆరుగురం ఆ రెండు రోజులూ వదులుకోవడానికి ఎవరెవరితోనో షిఫ్టులు మార్చుకోవాల్సి వచ్చింది. తీరా మొదట అనుకున్న వారం వొలంగాంగ్ వెళ్లే సౌత్ కోస్ట్ రైలు లైన్‌లో ట్రాక్ పనులున్నాయని, రైళ్ల బదులు బస్సులు నడుస్తాయని యాప్‌లో కనిపించింది. మళ్లీ రోస్టర్లు ముందేసుకుని కూర్చుని మార్చి నెలలో ఇంకో వారాంతం తేల్చాం. అదే మంచిదైంది. ఇక్కడ ఎండాకాలం డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అదంతా కాగిన సముద్రం మార్చిలోనే వెచ్చగా ఉంటుంది.

నేను పెట్టిన షరతు ఒక్కటే: లైఫ్‌సేవర్లు కాపలా ఉన్న బీచ్‌కే వెళ్తాం, వాళ్లు కాపలా కాసే చోటుకి గుర్తుగా పాతే జెండాల మధ్యే దిగుతాం. మాలో ఇద్దరు ఫిబ్రవరిలో సిడ్నీకి వచ్చిన జూనియర్లు. వాళ్ల అమ్మానాన్నలు ఫోన్‌లో నాతో మాట్లాడి, "మీరున్నారనే ధైర్యంతో పంపించాం బాబూ" అన్నవాళ్లు. విదేశంలో నీళ్లలో మునిగి పోయిన మన పిల్లల వార్తలు ఊళ్లలో ఎంతమంది ఇళ్లను కుదిపేస్తున్నాయో అందరికీ తెలుసు. సరదా ట్రిప్‌కి ఇంత ఆలోచన ఎందుకన్నా అని ఒకడన్నాడు. ఆలోచించాకే సరదా అన్నాను.

మాకు సముద్రం కొత్తేం కాదు, కానీ తెలిసింది తక్కువ. నేను వరంగల్ దగ్గర వ్యవసాయ బావిలో, నడుముకి బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ణి. బావి నీళ్లు మనిషిని ఎటూ లాగవు. బాపట్ల జూనియర్ సూర్యలంక పక్కనే పెరిగాడు, అయినా మోకాళ్లు దాటి ఎప్పుడూ వెళ్లలేదు, ఇంట్లో వెళ్లనివ్వలేదు. మిగతావాళ్లు వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఫొటోలు దిగినవాళ్లే.

శనివారం పొద్దున్నే సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కాం. శుక్ర, శని, ఆదివారాల్లో ఓపల్ అనే ప్రయాణ కార్డు మీద రోజంతా ఎంత తిరిగినా పది డాలర్ల లోపే పడింది, అంత దూరానికి అది చాలా చవక. దారిలో హెలెన్స్‌బర్గ్‌లో దిగి, టాక్సీ మాట్లాడుకుని వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లాం. అడవి మధ్య కొండ మీద 1985 నుంచీ ఉన్న గుడి. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో దోసెలు తిని మళ్లీ రైలెక్కాం. ఈసారి అందరం ఎడమవైపు కిటికీల దగ్గరే కూర్చున్నాం. సొరంగాలు దాటి కోల్‌క్లిఫ్ వచ్చేసరికి పట్టాల కిందే సముద్రం కనిపిస్తుంది. వెళ్లేవాళ్లెవరైనా ఆ వైపే కూర్చోండి.

మొదటిరోజు అలల్లోకి దిగలేదు. నార్త్ వొలంగాంగ్ బీచ్‌కి దగ్గర్లో కాంటినెంటల్ పూల్ అని సముద్రపు నీటితో నింపే ఈతకొలను ఉంది, టికెట్ లేదు. సాయంత్రం దాకా అక్కడే వెల్లకిలా తేలడం ఒక్కటే నేర్చుకున్నాం. వినడానికి చిన్న విషయమే. కానీ నీళ్లంటే బెదిరినవాళ్లు తల పైకెత్తుతారు, తల లేచిందా కాళ్లు కిందికి జారిపోతాయి. చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చాలి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని బొడ్డు పైకెత్తాలి. ఉప్పునీళ్లలో ఒళ్లు ఇంకాస్త సులువుగా తేలుతుంది. నేను వీపు కింద అరచెయ్యి పెట్టి, వాళ్లకి తెలియకుండా మెల్లగా తీసేసేవాణ్ణి. బాపట్ల వాడు కళ్లు గట్టిగా మూసుకుని తేలుతూ, "అన్నా, చెయ్యి తియ్యొద్దు" అంటూనే ఉన్నాడు. నేను తీసి చాలాసేపైంది.

ఆదివారం ఎండ ముదరకముందే బీచ్‌కి చేరాం. మనది చామనఛాయ, మనకి సన్‌స్క్రీన్ ఎందుకు అనే మాట నేను ఒప్పుకోను. అక్కడి ఎండలో అతినీల కిరణాల తీవ్రత చాలా ఎక్కువ. నీళ్లలోకి దిగడానికి ఇరవై నిమిషాల ముందే అందరం 50 ప్లస్ రాసుకున్నాం, తర్వాత రెండు గంటలకోసారి.

ఎరుపు, పసుపు జెండాలు రెండు చోట్ల పాతి ఉన్నాయి. వాటి మధ్య అలలు బాగా విరుగుతున్నాయి, జనం కిటకిటలాడుతున్నారు. కాస్త అవతల నీళ్లు నింపాదిగా, అలలే లేనట్టున్నాయి. మా రూమ్మేట్ సహజంగానే, "అక్కడ ప్రశాంతంగా ఉంది కదరా, అటు పోదాం" అన్నాడు. నేను వాళ్లని నేరుగా లైఫ్‌సేవర్ల దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ వయసులో మా అమ్మంత ఉన్న ఒకావిడ ఎంతో ఓపిగ్గా చేత్తో చూపిస్తూ చెప్పింది. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ తిరిగి వెళ్లడానికి ఒక దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో ఇసుక కోసుకుపోయి లోతవుతుంది. లోతున్నచోట అలలు విరగవు, నీళ్ల రంగు ముదురుగా ఉంటుంది, నురగా ఇసుకా లోపలికి కొట్టుకుపోతుంటాయి. అదే రిప్. మా వాడికి ప్రశాంతంగా కనిపించింది అదే.

రిప్ మనిషిని కిందికి లాగదట, ఒడ్డు నుంచి దూరంగా మోసుకుపోతుందట. భయపడి దానికి ఎదురీదినవాళ్లే అలిసిపోయి మునుగుతారు. చిక్కుకుంటే ముందు తేలాలి, చెయ్యి పైకెత్తి పిలవాలి. ఓపికుంటే పక్కకి, అలలు విరిగే వైపు ఈదాలి. "తేలడం వచ్చా?" అని అడిగిందావిడ. మా బాపట్ల వాడు "నిన్న నేర్చుకున్నాను" అని గర్వంగా చెప్పాడు.

తర్వాత రెండేసి మంది జంటలుగా దిగాం. ఈత రానివాళ్లు నడుం లోతు దాటకూడదు. అల వస్తే ఎదురుగా నిలబడొద్దు, పక్కకి తిరిగి కాళ్లు ఎడంగా పెట్టుకోవాలి. పెద్దదైతే మునిగి దాని కిందనుంచి పోవాలి. ఒకటి మాత్రం దిగాకే అర్థమైంది: మనం కదలకపోయినా నీళ్లు మనల్ని ఒడ్డు వెంబడే పక్కకి జరుపుతుంటాయి. కాసేపు ఆడి తలెత్తితే జెండా మా వెనక ఉండేది. అందుకని ప్రతి కొన్ని అలలకీ ఎవరో ఒకరు "జెండా!" అని అరవడం, అందరం మళ్లీ మధ్యకి నడవడం. వైజాగ్‌లో ఒడ్డున నిలబడి చూసిన సముద్రం వేరు, ఒంటిమీద విరిగిన సముద్రం వేరు. అల మమ్మల్ని ఎత్తి దింపినప్పుడల్లా ఆరుగురం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. చదువు, అప్పు, షిఫ్టులు అన్నీ ఆ గంటసేపు ఎక్కడికి పోయాయో తెలియలేదు.

రెండో జూనియర్ ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుని మంటతో అరిచాడు. బ్లూబాటిల్ అనే నీలం రంగు జీవి, దారంలాంటి కొస మోచేతికి చుట్టుకుంది. ఎవరో ఇసుకతో రుద్దమన్నారు, నేను ఆపాను. లైఫ్‌సేవర్లు ఆ కొసను తీసేసి, సముద్రపు నీళ్లతోనే కడిగి, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు చెయ్యి ఉంచమన్నారు. మంట చాలావరకు తగ్గిపోయింది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో ఉండే బాక్స్ జెల్లీఫిష్‌కి వెనిగర్ పోస్తారు, బ్లూబాటిల్‌కి అది పనికిరాదు.

మధ్యాహ్నం పార్కులో కరెంటు బార్బెక్యూ పలక మీద, ముందురోజు రాత్రే మసాలా పట్టించిన చికెన్ కాల్చుకున్నాం. అవి అందరికీ ఉచితం, వాడాక తుడిచి వెళ్తే చాలు. పులిహోర డబ్బా ముందే ఖాళీ అయింది. తింటుండగానే బాపట్ల వాడు అమ్మకి వీడియో కాల్ చేసి జెండాలు చూపించాడు. ఆవిడ జెండాల సంగతంతా రెండుసార్లు చెప్పించుకుని, "వాటి మధ్యే ఉండు నాన్నా" అంది.

సిడ్నీ వచ్చాక జూనియర్లిద్దరూ మా దగ్గరి కౌన్సిల్ పూల్‌లో పెద్దవాళ్ల ఈత క్లాసులో చేరారు. ఇక్కడ ఏప్రిల్ 25, యాంజాక్ డే దాకా వాలంటీర్ లైఫ్‌సేవర్ల కాపలా ఉంటుంది. ఈలోపు ఇంకోసారి వెళ్లాలని ఇప్పటికే షిఫ్టులు అడుగుతున్నాం.