టాస్క్‌బార్ ఎడమ పక్కకి జరిగితే భద్రతకేమైంది?

నా కంప్యూటర్లో టాస్క్‌బార్ (మామూలుగా తెర అడుగున ప్రోగ్రామ్‌ల బొమ్మలుండే పట్టీ) ఎడమ పక్కన నిలువుగా ఉంటుంది. చూసినవాళ్లు అదేదో సోకు అనుకుంటారు. నా పని ప్రూఫులు దిద్దడం. రోజంతా చూసేవి నిలువు పేజీలు, మానిటర్లేమో అడ్డంగా వెడల్పుగా వస్తున్నాయి. 1920×1080 తెర మీద అటూ ఇటూ బోలెడంత చోటు ఖాళీగా పడి ఉంటుంది, కరువంతా ఎత్తులోనే. విండోస్ 11లో టాస్క్‌బార్ ఒక్కటే 48 పిక్సెళ్లు తింటుంది. పైన టైటిల్ బార్, దాని కింద మెనూ, ఆ కింద టూల్‌బార్. మిగిలినదాంట్లో పేజీ మొత్తం పట్టించానంటే ‘థ’కీ ‘ధ’కీ తేడా తెలియదు. ఆ తేడా పట్టుకోవడానికే నాకు డబ్బులిస్తున్నారు.

విండోస్ 95 నుంచి విండోస్ 10 దాకా టాస్క్‌బార్‌ని మౌస్‌తో పట్టుకుని ఏ అంచుకైనా లాగి పడేసే వీలుండేది. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చేసరికి ఆ వీలు పోయింది. దానికి భద్రత కారణమని మైక్రోసాఫ్ట్ అనలేదు, లేనిపోని మాట నేనూ అంటగట్టను. భద్రత మాట వినిపించేది ఎప్పుడంటే, మనం దాన్ని మళ్లీ పక్కకి జరుపుకుందామని చూసినప్పుడు.

దీనికి ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్ఆల్‌బ్యాక్, విండ్‌హాక్ లాంటి టూల్స్ ఉన్నాయి. నేను ఆఫీసు కంప్యూటర్లో వాటిలో ఒకటి పెట్టుకున్నాను, అనుమతి అడిగే పెట్టుకున్నాను. కొన్నాళ్లు హాయిగా గడిచింది. తర్వాత ఒక పొద్దున అక్కడి యాంటీవైరస్ (పేరెందుకులెండి) దాన్ని ఎత్తుకెళ్లి క్వారంటైన్‌లో పడేసింది. మూలన ఓ ఎర్ర బొమ్మ, ‘ముప్పు తొలగించాం, మీరు సురక్షితం’ అని ఒక శుభవార్త. టాస్క్‌బార్ మళ్లీ కిందికొచ్చి కూర్చుంది. ఏం ముప్పు, ఎందుకు ముప్పు అన్నదానికి అందులో ఒక్క ముక్క లేదు. వివరాలు అని ఉన్నచోట నొక్కితే ఫైలు పేరు, తేదీ వచ్చాయి.

ఒళ్లు మండింది. కానీ కాస్త నిదానంగా చూస్తే ఆ యాంటీవైరస్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. టాస్క్‌బార్‌ని గీసేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్. దాని రూపం మార్చడానికి మైక్రోసాఫ్ట్ దారి ఇవ్వలేదు కాబట్టి, ఈ టూల్స్ నడుస్తున్న ఎక్స్‌ప్లోరర్ లోపలికి తమ కోడ్‌ని ఎక్కించి అది చేసే పనులని మధ్యలో అడ్డుకుని మారుస్తాయి. పాస్‌వర్డులు కాజేసే మాల్వేర్ కూడా తరచూ సరిగ్గా ఇదే పద్ధతి వాడుతుంది. బయటి నుంచి చూసే యాంటీవైరస్‌కి ఉద్దేశం కనపడదు, చేత మాత్రమే కనపడుతుంది. తలుపు తీసి పెట్టనివాళ్లు, కిటికీలోంచి దూకినవాణ్ణి దొంగ అంటున్నారు, అదీ నా ఫిర్యాదు.

అసలు ‘సురక్షితం’ అన్న మాటకి నేను ఆగి చూడటం మొదలుపెట్టింది విండోస్‌లోని రీకాల్ అనే సదుపాయం గొడవ దగ్గర. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ దాన్ని ప్రకటించింది. ప్రతి కొన్ని సెకన్లకీ తెరని ఫొటో తీసి, అందులోని అక్షరాలు చదివి దాచిపెడుతుంది. ఎప్పుడో చూసిన పేజీ కావాలంటే వెతికి ఇస్తుంది. అంతా మీ కంప్యూటర్లోనే ఉంటుంది, ఎన్‌క్రిప్ట్ అయి (అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో) ఉంటుంది అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్న మాట నిజమే, కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పుడు ఎవరైనా డిస్క్ ఊడపీక్కుపోతే చదవలేరు. కానీ మీరు లాగిన్ అయి పని చేసుకుంటున్నప్పుడు ఆ తాళం తీసే ఉంటుంది కదా! భద్రతా పరిశోధకులు వెళ్లి చూస్తే, తెర మీద కనిపించిన అక్షరాలన్నీ ఎస్‌క్యూలైట్ అనే మామూలు డేటాబేస్ ఫైల్లో, యూజర్ ఫోల్డర్లోనే, సాదా టెక్స్ట్‌గా పడి ఉన్నాయి. మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చదువుకోవచ్చు. వాటిని వెలికి తీసే చిన్న టూల్ కూడా ఒకాయన రాసి పెట్టేశాడు. జూన్ 7న మైక్రోసాఫ్ట్ దిగివచ్చి, ఇది మీరు కావాలంటేనే ఆన్ అవుతుంది, చూడాలంటే విండోస్ హలోతో (ముఖం, వేలిముద్ర, లేదా పిన్‌తో) మీరేనని నిరూపించుకోవాలి అంది. ఆ తర్వాత వారానికే విడుదల వాయిదా వేసి, లోపలి నిర్మాణం మార్చి మళ్లీ తెచ్చింది.

నేను ఇందులో పట్టుకున్న విషయం ఒకటే: వాళ్లు చెప్పింది నిజం, కానీ నా ప్రశ్నకి జవాబు కాదు. నేను అడిగేది ‘నేను వాడుతుండగా పక్క ప్రోగ్రామ్ చూడగలదా?’ అని. వాళ్లు చెప్పింది ‘దొంగ ఎత్తుకెళ్తే చదవలేడు’ అని. కంపెనీల భద్రతా ప్రకటనలు ఎన్ని చదివినా ఎక్కువ భాగం ఈ బాపతే. ‘మిలిటరీ గ్రేడ్ ఎన్‌క్రిప్షన్’ అంటారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పరు. అడగాల్సింది అదే.

పచ్చి అబద్ధాలూ ఉన్నాయి. వీడియో కాల్స్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప కంపెనీ కూడా తెరవలేని తాళం) ఉందని జూమ్ కనీసం 2016 నుంచి చెప్పుకుంటూ వచ్చింది. తాళంచెవులు మాత్రం తన సర్వర్లలోనే పెట్టుకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020 నవంబరులో బయటపెట్టింది. అవాస్ట్ కథ ఇంకా బాగుంటుంది. మీ వెనక ఎవరూ పడకుండా కాపాడతామని యాంటీవైరస్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చి, వాటితోనే జనం ఏ సైట్లు చూస్తున్నారో పోగేసి, జంప్‌షాట్ అనే తన సంస్థ ద్వారా వందకి పైగా కంపెనీలకి అమ్మింది. 2024 ఫిబ్రవరిలో అదే కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. కాపలా పేరుతో లోపలికి వచ్చినవాడికి ఇల్లంతా కనిపిస్తుందన్న సంగతి మనం మర్చిపోతుంటాం.

ఇదంతా చదివి, కంపెనీలు చెడ్డవి, ఉచితంగా డెస్క్‌టాప్ అలంకారాలు రాసిపెట్టే జనం మంచివాళ్లు అని నేను తేలుస్తాననుకునేరు. అదీ కాదు. నా సొంత కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్, దాని మీద కేడీఈ వాళ్ల ప్లాస్మా అనే డెస్క్‌టాప్. అక్కడ ప్యానెల్‌ని (టాస్క్‌బార్‌కి అక్కడి పేరు) ఏ పక్కకి పెట్టుకున్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ ప్రాసెస్‌లోకీ దూరక్కర్లేదు. ఆ సుఖానికే వెళ్లాను. అదే కేడీఈలో 2024 మార్చిలో ఒకతను స్టోర్ నుంచి ఒక గ్లోబల్ థీమ్ దించుకుంటే, అది అతని సొంత ఫైళ్లన్నీ తుడిచిపెట్టేసింది. కావాలని చేసిన కుట్ర కాదు, థీమ్‌లో కోడ్ సరిగ్గా రాయలేదు, అంతే. థీమ్ అంటే రంగులూ బొమ్మలే అని మనం అనుకుంటాం. గ్లోబల్ థీమ్‌లో విడ్జెట్లు (గడియారం లాంటి బుల్లి ప్రోగ్రామ్‌లు), స్క్రిప్టులు కూడా వస్తాయి, అవి మీ పేరు మీద ఏ పనైనా చేయగలవు. కేడీఈ వాళ్లు దాచిపెట్టలేదు, అవును ఇది సమస్యే, స్టోర్‌లో ఉన్నవన్నీ మేం తనిఖీ చేసినవి కావు అని తేటగా రాశారు. అంతకు చాలా ముందు, 2009లో, లినక్స్‌లోనే ఉన్న గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ అలంకారాల సైట్‌లో జలపాతం స్క్రీన్‌సేవర్ అని పెట్టిన ప్యాకేజీలో నిజంగానే మాల్వేర్ దొరికింది.

ఇవన్నీ ఒక ఎత్తు, స్టైలిష్ ఒక ఎత్తు. వెబ్ పేజీల రూపం మనకి నచ్చినట్టు మార్చుకునే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అది, లక్షలమంది వాడేవారు. చేతులు మారింది. 2017 జనవరి నుంచి, వాడేవాళ్లు చూసిన ప్రతి పేజీ చిరునామానీ కొత్త యజమానులకి పంపుతూ వచ్చింది. 2018 జూలైలో ఒక ప్రోగ్రామర్ బయటపెట్టాకగానీ బ్రౌజర్ స్టోర్లు దాన్ని తీసేయలేదు. పెట్టుకున్న రోజున అది మంచిదే. ఎవరూ మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు, అప్‌డేట్ దానంతటదే వచ్చి కూర్చుంది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

భద్రత పేరు చెప్పి మన చేతిలోంచి కొన్ని లాక్కున్నా నేను ఒప్పుకున్న సందర్భం కూడా ఉంది. లినక్స్‌లో తెరని నడిపే పాత పద్ధతి ఎక్స్11. దాని లోపం చూడాలంటే పెద్ద విద్య అక్కర్లేదు. టెర్మినల్ తెరిచి, ‘ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్’ అన్న ఆదేశం ఇచ్చి, పక్కన కీబోర్డు నంబరు కొట్టండి. తర్వాత ఇంకో కిటికీలోకి, బ్రౌజర్లోకి పోయి ఇంగ్లిష్ అక్షరాల్లో ‘అమ్మ’ అని టైప్ చేయండి. టెర్మినల్‌లో 38, 58, 58, 38 అని వరసగా పడతాయి. 38 అంటే ‘ఏ’ కీ, 58 అంటే ‘ఎమ్’. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడగదు. అమ్మ బదులు బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టినా అంతే. ఎక్స్11లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఈ కిటికీలోంచి తొంగిచూసే వీలుంది, మీ వాల్‌పేపర్ మార్చే ముచ్చటైన ప్రోగ్రామ్‌కి కూడా.

కొత్త పద్ధతి వేలాండ్ దీన్ని మూసేసింది. దాంతో నాకు నష్టం జరిగింది. రెండక్షరాలు కొడితే పూర్తి పదం పడేలా పెట్టుకున్న చిన్న ప్రోగ్రామ్ ఆగిపోయింది, తెర మీది రంగు పట్టుకునే టూల్ ఆగిపోయింది. విసుక్కున్నాను. కానీ ఏ ప్రమాదం, ఎలా జరుగుతుంది అన్నది వాళ్లు విప్పి చెప్పారు, నా తెర మీదే సరిచూసుకోగలిగాను. పైగా మూసి ఊరుకోలేదు. పోర్టల్స్ అని, ప్రోగ్రామ్ అడిగితే మనం ఒప్పుకునే పద్ధతి పెట్టారు. ఇప్పుడు రంగు టూల్ నేను నొక్కినప్పుడు ఆ ఒక్క చుక్క మాత్రమే చూస్తుంది. ప్లాస్మా 6 నుంచి వేలాండే డిఫాల్ట్, నేనూ అందులోనే ఉన్నాను. మొదట్లో చెప్పిన ఎర్ర బొమ్మకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఏదైనా విడ్జెట్ నచ్చితే ముందు విప్పి చూస్తాను. కోడ్ రాయడం నాకు రాదు, కానీ అచ్చుతప్పులు వెతికే కళ్లున్నాయి. ప్లాస్మా విడ్జెట్ అంటే ఒక ఫోల్డర్. లోపల మెటాడేటా ఫైలు, కంటెంట్స్, అందులో యూఐ, దాంట్లో మెయిన్ అనే క్యూఎంఎల్ ఫైలు, అసలు కోడ్ ఉండేది అందులోనే. రెండు మాటల కోసం వెతుకుతాను. ఒకటి ‘ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్’. అదుంటే విడ్జెట్ ఇంటర్నెట్‌తో మాట్లాడుతున్నట్టు. రెండోది ‘ఎగ్జిక్యూటబుల్’ అన్న ఇంజిన్. అదుంటే కంప్యూటర్లో ఆదేశాలు నడుపుతున్నట్టు. వాతావరణం చూపే విడ్జెట్‌కి మొదటిది కావాలి, సహజం, ఏ సైటుకి వెళ్తోందో చదువుతాను. గడియారానికి రెండూ అక్కర్లేదు. ఒక అందమైన గడియారంలో మొదటిది కనపడింది, టైమ్ తెలుసుకోవడానికి ఎవరితోనో ఎందుకు మాట్లాడాలో అర్థంకాక తీసేశాను. తెలివైనవాడు కావాలని దాచాలంటే ఈ వెతుకులాటకి చిక్కడు, ఆ సంగతీ తెలుసు. కానీ స్టోర్‌లో రేటింగ్ చుక్కలు లెక్కపెట్టడం కంటే నాకు ఇది నయం. ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్‌కీ, విండ్‌హాక్‌కీ నేను ఇచ్చే మార్కులు కూడా అందుకే ఎక్కువ, వాటి కోడ్ బయట ఉంది. విండ్‌హాక్‌లో ఒక్కో మార్పు తాలూకు సోర్స్ మన ముందే కనిపిస్తుంది.

ప్రస్తుతం నా ప్యానెల్‌లో బయటివాళ్లు రాసింది ఒక్కటే ఉంది. కాపీ చేసిన మాటల్లో ఎన్ని పదాలున్నాయో లెక్కపెట్టే బుల్లి విడ్జెట్. అంటే నా క్లిప్‌బోర్డ్ మొత్తం చదువుతుంది, పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి కాపీ చేసింది కూడా. అందుకే దాన్ని మరీ శ్రద్ధగా చదివాను. ఇంటర్నెట్ మాట లేదు, ఆదేశాల మాట లేదు, మూడు చిన్న ఫైళ్లు. దాన్ని రాసినాయన ఇక తన వల్ల కాదని ఈమధ్య చేతులెత్తేశాడు, ఇంకెవరో ముందుకొచ్చి తీసుకున్నారు. కేడీఈలో ప్రోగ్రామ్‌లు, అప్‌డేట్లు దించుకునే డిస్కవర్‌లో అప్‌డేట్ ఉందని కనిపిస్తోంది. కొత్తాయన మంచివాడే కావచ్చు. ఆదివారం తీరిగ్గా పాత ఫైళ్లు ఒక పక్క, కొత్తవి ఒక పక్క పెట్టుకుని వరసవరసా దిద్ది చూస్తాను. అప్పటిదాకా ఆ బటన్ నొక్కేది లేదు.