ఇరుక్కునే తూటాలు, గడ్డకట్టిన కొబ్బరినూనె: నా అనుభవం

నిన్న పొద్దున మూడు పెట్టెలు, అంటే 150 రౌండ్లు (తూటాలు) కాల్చినా. ఒక్కటీ ఇరుక్కోలేదు. రెండు నెలలు నన్ను ఏడిపించిన పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కే తుపాకి) ఇదే. ఆ సంతోషం చల్లారకముందే రాస్తా ఉన్నా.

 

జబ్బు ఏందంటే, పొద్దున ఆరున్నరకు రేంజికి (కాల్పుల సాధన చేసే చోటికి) పోతే మొదటి రెండు మ్యాగజైన్లలో (తూటాలు నింపే డబ్బాల్లో) నాలుగైదు సార్లు ఖాళీ కేసు, అంటే పేలిన తూటా తొడుగు, బయటపడేది కాదు. కేసు బయటికి పోయే కిటికీలో నిట్టనిలువుగా నిలబడి, ముందుకూ వెనక్కీ జరిగే బోల్టు కింద నలిగేది. తొమ్మిదిన్నర దాటితే ఆ బాధ చాలావరకు తగ్గేది. ఒకే తుపాకి, ఒకే పెట్టెలోని తూటాలు. అదే నాకు అంతుపట్టలేదు.

లైసెన్సున్న రిపేరు షాపులోనే ఇచ్చినా. ఆయన తుపాకి విప్పకుండానే, "తూటాలు బాగలేదు సార్, స్ప్రింగు కూడా వీకయింది" అన్నాడు. గట్టి రికాయిల్ స్ప్రింగు (బోల్టును ముందుకు తోసేది) వేసినాడు, మ్యాగజైను పెదవులను (తూటాను పట్టి ఉంచే పై అంచులను) పట్టకారుతో నొక్కినాడు, లోపలంతా నూనె పోసినాడు. అడగని పనులకు డబ్బు తీసుకుని, తిరిగి పోతే "మీకు కాల్చడం రాదు" అని పదిమంది ముందర అన్నాడు. ఆ మాట ఇంకా మండుతా ఉంది. రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏ భాగం మారుస్తారో కాగితం మీద రాయించుకోండి, తీసేసిన పాత భాగం వెనక్కి అడగండి.

ఆ తర్వాత నేనే వరసగా చూసినా. తుపాకి మీద ఏ పని చేసే ముందైనా మ్యాగజైను తీసి, బోల్టు లాగి, ఛాంబరు (తూటా కూర్చునే గది) కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాల. ట్రిగ్గరు నొక్కినా పేలని తూటా ఉంటే గొట్టం లక్ష్యం వైపే పెట్టి కనీసం 30 సెకన్లు ఆగాల. కొన్ని ఆలస్యంగా పేలుతాయి.

కేసు ఎక్కడ ఆగిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. ఛాంబరులోనే ఉండిపోతే ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం (ఖాళీ కేసును ఛాంబరు నుంచి లాగేది) అరిగిందో దాని కింద మసి చేరిందో, లేకుంటే ఛాంబరే మురికిగా ఉందో. కిటికీలో నిలబడితే బోల్టు నిదానంగా కదులుతోందని, లేదా ఎజెక్టరు (కేసును బయటికి తన్నే ముక్క) తగలడం లేదని. కొత్త తూటా ముక్కు ఛాంబరు అంచుకు గుద్దుకుంటే మ్యాగజైనును అనుమానించాల. మ్యాగజైన్లకు 1, 2 అని నంబర్లు వేసుకోండి. నావాటిలో తూటా గుద్దుకోవడం 2 తోనే వచ్చేది, రిపేరాయన పట్టకారుతో నొక్కింది దాన్నే. ఖాళీ తుపాకి ట్రిగ్గరు ఊరికే నొక్కే అలవాటుంటే మానుకోండి. ఈ రకంలో ఫైరింగ్ పిన్ను (తూటాను కొట్టి పేల్చే మొన) ఛాంబరు అంచుకు తగిలి అక్కడ లోహం ముల్లులా లేవొచ్చు, అప్పుడు తూటా దాన్ని గీరుకుంటానే లోపలికి పోవాల.

ఈ తుపాకిలో బోల్టును బిగించి పట్టే తాళం ఉండదు. దాని బరువు, వెనక స్ప్రింగు, ఈ రెండే దాన్ని ఆపేది. పేలిన తూటా ఒత్తిడికి కేసు వెనక్కి తన్ని బోల్టును నెడుతుంది. స్ప్రింగు గట్టిదైతే మామూలు వేగంతో పోయే తూటాకు బోల్టు పూర్తిగా వెనక్కి పోదు, ఎజెక్టరు దాకా చేరదు. కొత్త స్ప్రింగు తీసి పాతది వేసినా. కొంచెం మేలనిపించింది గానీ పొద్దుటి ఇబ్బంది పోలేదు.

జనవరిలో ఒక తెల్లవారుజామున తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలేదు, గడ్డకట్టింది. వెంటనే బోల్టు తీసి చూసినా. తెల్లగా జిగట పొర, దానికి మసి, తూటా మీది మైనం అంటుకుని ముద్దలా ఉంది. వాసన కూడా కొబ్బరిదే. రిపేరాయన పోసింది అదే, అంతకుముందు మా ఇంట్లో ఏళ్ల తరబడి పూసిందీ అదే. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. తిరుపతి జనవరి పొద్దుటి చలి అంతకంటే తక్కువే. ఎండెక్కి, నాలుగు మ్యాగజైన్లు కాల్చి, తుపాకి వేడెక్కితే నూనె కరుగుతుంది, బోల్టు దారికొస్తుంది.

కిరోసిన్‌తో పాత టూత్‌బ్రష్షు పెట్టి బోల్టు, దాని దారి కడిగినా. ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం కింద వెదురు పుల్లతో గీరితే నల్లటి గట్టి మసి రాలింది. ఛాంబరును కంచు బ్రష్షుతో వెనక వైపు నుంచి తిప్పి రుద్ది, పొడిగుడ్డతో తుడిచినా. కిరోసిన్ వాసన పోయేదాకా ఆరనిచ్చి, బోల్టు దారికి రెండు వైపులా కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. ఛాంబరుకు, మ్యాగజైనుకు నూనె వద్దు, పొడిగా ఉండాల.

నిన్న పొద్దున చలిలోనే మొదలుపెట్టి, ప్రతి పెట్టె అయ్యాక ఛాంబరు ఒకసారి బ్రష్షు చేసినా. మొత్తం మ్యాగజైను 1 తోనే కాల్చినా. రెండో నంబరుది పెదవులు వంగిపోయినాయి, దానికి కొత్తది వెతుకుతా ఉన్నా.