ఆకు రాల్చిన రెండు అడవులు

ఫిబ్రవరిలో మా తమ్ముడి పెళ్లికి తిరుపతి వచ్చినప్పుడు, అలిపిరి మెట్లెక్కుతూ మా పాప కొండ వైపు చూసి, "అమ్మా, ఈ చెట్లన్నీ చచ్చిపోయాయి" అన్నది. మసాచుసెట్స్‌లో మా ఇంటి వెనక ఓక్, మేపుల్ చెట్లూ ఆ నెలలో మోళ్లుగానే ఉంటాయి; వాటిని మాత్రం నిద్రపోతున్నాయంటుంది. పగటి పొద్దు తగ్గి చలి ముదిరితే ఆకు రాలుతుందని తనకు తెలుసు, నీటి ఎద్దడికి రాలుతుందని తెలియదు. మా నాయన తనను ఒక ఎర్రచందనం మాను దగ్గరికి తీసుకెళ్లి, మొసలి వీపులా పలకలుగా చీలిన బెరడును తడిమించి, "నీళ్లు దాచుకుంటా ఉండాది పాపా, చచ్చిపోలా" అన్నారు.

తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టును పాప తనదనుకోవాలని నా పట్టు. అయినా తోటి తల్లిదండ్రులకు నేను చెప్పేది వేరు: పిల్లలు పెరిగే చోటి అడవిని ముందు చదవనివ్వండి అంటాను. మా పాప అలాగే చదివింది. మా వెనకటి అడవి మధ్యలో రాతి గోడలు కనిపిస్తాయి, ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దంలో అదంతా సేద్యపు భూమి, పచ్చిక బయలు. రైతులు వదిలేసిన బీళ్లలో ముందుగా తెల్ల పైన్ మొలిచింది. చాలాచోట్ల దాన్ని కలపకు నరికారు, మిగిలినదాంట్లో ఎంతో భాగాన్ని 1938 తుపాను కూల్చింది. అప్పటికే నీడలో కాచుకుని ఉన్న ఓక్, ఎర్ర మేపుల్, బర్చ్ మొక్కలు పైకి లేచాయి. ఇప్పుడు ఆసియా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు హెమ్లాక్ చెట్లను పీల్చేస్తుంటే, వాటి చోటును నల్ల బర్చ్ ఆక్రమిస్తోంది. దాని పుల్లను గీరి వాసన చూస్తే అచ్చం తాత మోకాళ్లకు రాసుకునే బామే అని పాప సంబరం. రెండింటిలోనూ ఉన్నది మిథైల్ సాలిసిలేట్ అనే ఘాటు వాసన పదార్థమే.

అందుకే కాబోలు, కొండ మీద పెద్ద మానులను చూపిస్తుంటే తను నేలను వెతికింది. "వీటి పిల్లలేవి?" అని అడిగింది. రేపటి అడవి ఏదో తెలియాలంటే కింద మొలిచేవాటిని చూడాలని తను నేర్చుకున్నది. నరికిన మోడు నుంచి ఎర్రచందనం పిలకలేస్తుందని నాయన చెప్పారు. అమెరికా చెస్ట్‌నట్ కూడా అంతే: 1904లో న్యూయార్క్‌లో బయటపడిన శిలీంధ్రం కోట్లాది మానులను చంపినా, వేళ్ల నుంచి పిలకలు నేటికీ లేస్తాయి, చాలావరకు కాపుకు రాకముందే మళ్లీ ఎండిపోతాయి. మరి ఇక్కడి పిలకలు గొడ్డలినీ, నిప్పునూ తప్పించుకుని మానులవుతాయా అన్నదానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

నా ఊరి అడవి ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న నమ్మకంతో దాన్ని పాపకు అప్పగించబోయాను. ఇప్పుడు ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. ఆగస్టులో మళ్లీ వస్తాం. ఆకులతో నిండిన తలకోనను చూపించాలని నేను అనుకుంటుంటే, పాప మాత్రం పిలకలేసే మోళ్లను చూడాలంటోంది.